ఒరలో పెట్టడం రాని కత్తులు

“బొడ్డులోంచి కత్తి వస్తోంది. నా డబ్బులు నాకిచ్చెయ్యండి.”

2009లో నాకొచ్చిన ఫిర్యాదు ఇది. రాసినాయన ఏ దేశం వాడో తెలీదు. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఆయన అవతార్, అంటే తెరమీద ఆయన తరఫున తిరిగే బొమ్మ, మాత్రం మూడడుగుల మరుగుజ్జు. గుబురు గడ్డం, ఇనప టోపీ, పొట్ట స్లైడర్ని చివరిదాకా లాగేసిన శరీరం. నా దగ్గర 350 లిండెన్ డాలర్లకి, అంటే అప్పటి లెక్కలో అరవై డెబ్భై రూపాయలకి, ఒక కత్తి కొన్నాడు. ఫిర్యాదుతో పాటు ఫోటో పంపాడు. నడుం దగ్గర పిడిని పట్టుకోవాల్సిన చెయ్యి నేరుగా పొట్టలోకి దూరిపోయింది. అక్కణ్ణుంచి ఆ మూడడుగుల మనిషి తనంత కత్తిని బయటకి లాగుతున్నాడు, పురిటి నొప్పులు పడుతున్నట్టు.

నవ్వి నవ్వి డబ్బులు వెనక్కి ఇచ్చాను. నవ్వయ్యాక సిగ్గేసింది. తన ఒంటికి తగ్గట్టు కత్తిని చిన్నది చేసుకుందామని ఆయన చూశాడట. కుదరలేదు. నేనే కుదరనివ్వలేదు. అందరూ అలాగే అమ్ముతున్నారు కదా అని ‘నో-మాడ్’ పెట్టి, అంటే కొన్నవాడు మార్చుకోవడానికి వీల్లేకుండా తాళం వేసి అమ్మాను.

అవతార్లకి ఆయుధాలు చేసేవాళ్ళతో నాకున్న పేచీ ఆ రోజు మొదలైంది. అప్పటికి నేనూ వాళ్ళలో ఒకణ్ణే కాబట్టి నాతో నాకున్న పేచీ అనాలి. కత్తి దూయడం మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా మేం దాన్ని మళ్ళీ ఒరలో పెట్టడం మీద పెట్టం. కొన్నవాణ్ణి సర్దుకోనివ్వం. ఇవి రెండు వేరువేరు తప్పులనుకునేవాణ్ణి. ఒకటేనని తెలియడానికి పదకొండేళ్ళూ, మా బాబాయీ కావలసివచ్చారు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. సెకండ్ లైఫ్ అనేది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న లిండెన్ ల్యాబ్ 2003 జూన్‌లో జనం కోసం తెరిచిన మాయాలోకం. ఆటలా కనిపిస్తుంది గానీ గెలుపూ ఓటమీ ఉండవు. అందులో ఉన్న ఇల్లూ చెట్టూ చొక్కా జుట్టూ దాదాపు అన్నీ అక్కడి జనం చేసుకున్నవే, ఒకరికొకరు అమ్ముకున్నవే. 2008లో హైదరాబాదులో నైట్ షిఫ్టు ఉద్యోగం చేస్తూ, పగలు నిద్రపట్టక నేనందులో పడ్డాను. చెప్పుకోవాల్సిన విచిత్రం ఇంకోటుంది. వాళ్ళ అసలు గ్రిడ్, అంటే జనమంతా తిరిగే లోకం, పేరు ‘అగ్ని’. పరీక్షల కోసం పెట్టుకున్న గ్రిడ్ పేరు ‘అదితి’. అదితిలో డబ్బులన్నీ ఉత్తుత్తివే కాబట్టి కత్తి తిప్పుళ్ళన్నీ ముందు అక్కడ ఎక్కించి చూసుకుని, కుదిరాక అగ్నిలో పెడతాం. అమ్మ దగ్గర సాధన చేసి అగ్నిలో దూకడం అనుకోండి. ఈ పేర్లు పెట్టినవాళ్ళకి మన పురాణాలు ఎంత తెలుసో గానీ, ఆయుధాల పని చేసేవాడికి ఇంతకన్నా మంచి శకునం దొరకదు.

ఇక కత్తి సంగతి. చూసేవాళ్ళకి ఒక కత్తి కనిపిస్తుంది. నిజానికి ఉండేవి రెండు. ఒకటి నడుముకి వేలాడే ఒరలో ఉంటుంది. దానికి అలుగు కూడా అక్కర్లేదు, పిడి కనిపిస్తే చాలు. రెండోది ఎప్పుడూ కుడి చేతిలోనే ఉంటుంది, కానీ కనిపించదు. ఎందుకంటే అటాచ్‌మెంట్ అనేది ఒంటి మీద ఒక చోటికి అతుక్కుపోతుంది. నడుముకి తగిలించిన వస్తువు నడకలో దానంతటది చేతిలోకి రాదు. అందుకని మీరు చాట్‌లో “/1 డ్రా” అని కొట్టగానే కత్తిలో పెట్టిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, మూడు పనులు చేస్తుంది. చెయ్యి నడుము మీదకి వెళ్ళే యానిమేషన్ మొదలుపెడుతుంది. అర సెకను ఆగుతుంది. ఒరలో పిడిని మాయం చేసి చేతిలో కత్తిని ప్రత్యక్షం చేస్తుంది. గారడీవాడి రూపాయి బిళ్ళ లాంటిదే. రెండు బిళ్ళలున్నాయని తెలియనంతసేపూ చప్పట్లు.

ఆ అర సెకనే మొత్తం విద్య. యానిమేషన్ సెకనుకి 30 ఫ్రేములుగా చేశామనుకోండి, చెయ్యి పిడిని అందుకునేది పద్నాలుగో ఫ్రేములో అయితే 0.47 సెకన్లు. స్క్రిప్టులో అంతే వేస్తాం. మన తెరమీద అద్దంలా కుదురుతుంది. పక్కనున్నవాడి తెరమీద? చెయ్యి కదలమన్న కబురు ఒక దారిన పోతుంది, పిడి మాయమవ్వమన్న కబురు ఇంకో దారిన పోతుంది. ఏది ముందు చేరుతుందో నెట్టు దయ. పైగా ఆ యానిమేషన్ని అతను అంతకుముందు చూసి ఉండకపోతే అది అతని కంప్యూటర్లోకి దిగేసరికే కత్తి చేతిలో ఉంటుంది. చెయ్యి ఆ తర్వాత తాపీగా నడుము మీదకి వెళుతుంది. అందుకే జాగ్రత్తగలవాళ్ళు కత్తి తగిలించుకోగానే అన్ని కదలికల్నీ ఒక్క క్షణం పాటు మొదలుపెట్టి ఆపేస్తారు, చుట్టుపక్కల తెరలన్నిటికీ ముందే చేరిపోతాయని. తాలింపు పెట్టేముందు మూకుడు కాచుకోవడం లాంటిది.

మొదట్లో నేను చేసిన ఘనకార్యం ఇంకోటి ఉంది. స్క్రిప్టు చాట్ వింటుందన్నాను కదా. ఎవరి చాట్ వినాలో చెప్పడం మర్చిపోయాను. అవతార్ మాములుగా మాట్లాడితే 20 మీటర్ల దాకా వినబడుతుంది. ఒకసారి ఒక పెళ్ళిలో (అవును, అక్కడ పెళ్ళిళ్ళు బాగా జరుగుతాయి) పెళ్ళికొడుకు ఫోటో కోసం కత్తి దూశాడు. నా కత్తి కొన్న అతిథులు ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురి చేతుల్లోకీ కత్తులొచ్చాయి. పెళ్ళికూతురు తరఫువాళ్ళు అది మర్యాదే అనుకుని లేచి నిలబడ్డారని విన్నాను. వినేది యజమాని మాట మాత్రమే అని ఒక్క వరస సరిచేస్తే సరిపోయింది.

కదలిక తయారీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను, నాకు ఇష్టమైన భాగం అదే. కత్తి ఆకారం చెయ్యడం ఒకప్పుడు ప్రిమ్‌లు అనే దిమ్మల్లాంటి ముక్కలు అతికించే పని. 2011లో మెష్ (బయట చేసుకున్న త్రీడీ ఆకారం) వచ్చాక బ్లెండర్ అనే ప్రోగ్రాంలో చెక్కుకుని ఎక్కించే పని. అందులో చేయి తిరిగినవాళ్ళు బోలెడుమంది. కదలిక చేసేవాళ్ళు తక్కువ. బీవీహెచ్ అనే ఫైలులో ఒక్కో కీలు ఎంత తిరగాలో రాసి, ఒక్కోదానికి పది లిండెన్లు కట్టి ఎక్కించాలి. ఊరికే దొరికే క్యూఅవిమేటర్ అనే ప్రోగ్రాంతోనే నేను చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను. మొదటి ఫ్రేము ఎవరికీ కనిపించదు, అది కొలబద్ద. దానితో పోల్చి ఏ కీలు కదిలిందో ఆ కీలునే సెకండ్ లైఫ్ పట్టించుకుంటుంది. కదలని కీళ్ళని వదిలేస్తుంది. ఇది తెలియక నేను రెండు నెలలు కాళ్ళు కూడా కదిలించి ఎక్కించాను. కత్తి దూసినప్పుడల్లా నడుస్తున్న మనిషి టక్కున ఆగి, నిలబడ్డట్టు కాళ్ళు పెట్టి, నేలమీద జారుకుంటూ పోయేవాడు. కాళ్ళ జోలికి పోకపోతే నడకకి నడకా సాగుతుంది, చేతి పని చెయ్యి చేసుకుంటుంది.

ఆ పైన ప్రాధాన్యం అంకెలు. ఎక్కించేటప్పుడు సున్నా నుంచి నాలుగు దాకా ఇవ్వొచ్చు. రెండు కదలికలు ఒకే చేతి కోసం కొట్టుకుంటే పెద్ద అంకె గెలుస్తుంది, సమానమైతే తర్వాత వచ్చింది గెలుస్తుంది. జనం వేసుకునే నిలబడే భంగిమలు చాలావరకు మూడో నాలుగో పెట్టుకుని ఉంటాయి. కత్తికి రెండు పెట్టామా, చెయ్యి నడుము మీద ఒయ్యారంగా ఉండిపోతుంది, కత్తి మాత్రం ఆ చేతిలో అడ్డంగా ప్రత్యక్షమవుతుంది.

కొట్టడం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, అందులో పెద్ద రసం లేదు. తుపాకీ అయితే నొక్కగానే ఒక గుండు వస్తువుగా పుట్టి ఎగిరిపోతుంది, తగిలాక చచ్చిపోతుంది. కత్తి అయితే ఎదురుగా రెండు మూడు మీటర్లలో, ఇంత కోణంలో ఎవరున్నారని సెన్సర్ వెతుకుతుంది. మన పాత లెక్కలో గుండు అస్త్రం, కత్తి శస్త్రం. దెబ్బ తగలడానికి ఆ నేలలో ‘డ్యామేజ్’ తెరిచి ఉండాలి. మీ ప్రాణం లెక్క నూరు నుంచి సున్నాకి దిగితే మీరు చావరు, మీ ఇంటి దగ్గర తేలతారు. నేలల్లో ఎక్కువభాగం ఆ తలుపు మూసేసినవే. నా కత్తి కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని ఎవరి మీదా ఎత్తనే లేదు. నడుముకి పెట్టుకుని తిరిగారు. డాన్సులకి వెళ్ళారు. ఫోటోలు దిగారు. మహా అయితే ఒకసారి దూసి, తిప్పి, మళ్ళీ పెట్టేసుకున్నారు.

ఆ ‘మళ్ళీ పెట్టేసుకోవడం’ దగ్గరే అందరి బండారం బయటపడుతుంది. మీకు వీలైతే ఏ ఆయుధాల దుకాణంలోనైనా డెమో తగిలించుకుని చూడండి. దూసేటప్పుడు భుజం తిరుగుతుంది, నడుము ఒంగుతుంది, గాలి కోసిన శబ్దం వస్తుంది, కొన్నిటికి నిప్పురవ్వలు కూడా. పెట్టెయ్యమంటే చెయ్యి అలా పక్కకి వెళుతుంది, కత్తి ఠక్కున మాయం. చాలా కత్తులకి దూసే యానిమేషన్నే వెనక్కి తిప్పి వాడేస్తారు. దీనికి తయారీదార్లని మాత్రమే అని లాభం లేదు. సెకండ్ లైఫ్ తన వంతుగా ప్రతి అవతార్‌కీ ఊరికే ఇచ్చిన కదలికల మూట ఒకటుంది. అందులో పిస్తోలు పట్టుకోవడం, గురిపెట్టడం ఉన్నాయి. రైఫిలుకీ బజూకాకీ విల్లుకీ కూడా ఉన్నాయి. బాణం వదలడం ఉంది. కుడి చేత్తో కత్తి వేటు ఉంది. వీటిలో దేన్నీ తిరిగి పెట్టెయ్యడం మాత్రం లేదు.

అశ్వత్థామ గుర్తొస్తాడు నాకు. అస్త్రం వెయ్యడం తెలుసు, ఉపసంహారం తెలీదు. అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు, ఇతను తీసుకోలేక ఉత్తర గర్భం మీదకి మళ్ళించాడు. సెకండ్ లైఫ్ ఆయుధాల బజారులో దుకాణం దుకాణానికీ ఒక అశ్వత్థామ.

ఒరలో పెట్టడం ఎందుకు కష్టమో లెక్కలో చెబుతాను. దూసేటప్పుడు కత్తి మొన చివర్లో బయటకొస్తుంది. అప్పటికి చూసేవాడి కన్ను చేతి వెంట పైకి పోయి ఉంటుంది. మొన ఒరలోంచి సరిగ్గా వచ్చిందా, ఒర గోడ చీల్చుకుని వచ్చిందా ఎవరూ చూడరు. పెట్టేటప్పుడు తలకిందులు. అందరూ మొననే చూస్తారు. 90 సెంటీమీటర్ల కత్తి పట్టుకున్న మణికట్టు మూడు డిగ్రీలు తప్పితే మొన దగ్గర దాదాపు ఐదు సెంటీమీటర్ల తేడా. ఒర మూతి వెడల్పే అంత ఉండదు. ఇంకోటి, యానిమేషన్ ఫైలులో ఉండేవి కీళ్ళ కోణాలు. ఎముకల పొడుగులు మాత్రం ఎవరి అవతార్‌వి వాళ్ళవే. అదే కోణంతో ఏడడుగుల యోధుడి చెయ్యి నడుము పక్కకి వెళితే నా మరుగుజ్జు చెయ్యి బొడ్డులోకి వెళ్ళింది. కాబట్టి ఎంత గొప్ప పనివాడైనా ఒరలో సరిగ్గా పడే కత్తిని అందరి ఒళ్ళకీ కుదిరేలా ముందే చేసి పెట్టలేడు. చివరి ఐదు సెంటీమీటర్లు కొన్నవాడే సర్దుకోవాలి.

అందుకే రెండూ ఒకటే పేచీ అన్నాను. కొన్నవాణ్ణి ముట్టుకోనివ్వననే తయారీదారు ఒరలో పెట్టడాన్ని ఎప్పటికీ బాగు చెయ్యలేడు. ఎలాగూ కుదరదు కాబట్టి ఠక్కున మాయం చేస్తాడు.

నో-మాడ్ కత్తినైనా అటూ ఇటూ జరపొచ్చు కదా అంటారు. జరపొచ్చు. కానీ చిన్నదీ పెద్దదీ చెయ్యలేరు. ఒరని కత్తినుంచి విడిగా వంచలేరు. లోపలున్న నోట్‌కార్డులో, అంటే అంకెలు రాసిపెట్టే కాగితంలో, ఆ 0.47ని 0.55 చెయ్యలేరు. తన దగ్గర నెట్టు నెమ్మదైతే ఆ కాస్త ఆలస్యం పెట్టుకుందామనుకునే మనిషికి ఏం చెబుతాం? నా కత్తి వేగంగా ఉంది, నువ్వే నెమ్మది అనా?

ఇంకో వాదన దొంగతనం. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యను, 2006లో వస్తువుల్ని నకలు తీసే కాపీబాట్ వచ్చినప్పుడు అమ్ముకునేవాళ్ళు ఎంత భయపడ్డారో పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కానీ అనుమతులు ఒక్కో వస్తువుకీ విడివిడిగా ఉంటాయి. కత్తిని మార్చుకోనిచ్చి, లోపలి స్క్రిప్టుకి మాత్రం తాళం వెయ్యొచ్చు. స్క్రిప్టు నడిచేది సర్వర్లో, కొన్నవాడి కంప్యూటర్లోకి దాని రాత దిగనే దిగదు. దొంగిలించే పనిముట్లు ఎత్తుకుపోయేది ఆకారాన్నీ కదలికనీ. అవి నో-మాడ్ అని ఉన్నా ఎత్తుకుపోతారు, ఎందుకంటే చూడాలంటే అవి చూసేవాడి కంప్యూటర్లోకి దిగాల్సిందే. అంటే ఈ తాళం దొంగకి అడ్డం కాదు, డబ్బులిచ్చినవాడికే అడ్డం. ఇంటి వెనక గోడ లేదు, వీధి తలుపుకి మాత్రం మూడు గొళ్ళేలు, చుట్టాలు రాకుండా.

ఆ తాళం వల్ల వచ్చిన చేటు కూడా చూశాం. నో-మాడ్ వస్తువుల సైజు మార్చుకోవడానికని అమ్మకందార్లు లోపల ‘రీసైజర్’ స్క్రిప్టులు పెట్టడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ముక్కకొక స్క్రిప్టు పెట్టేవాళ్ళు. వంద ముక్కల కిరీటమైతే వంద స్క్రిప్టులు. ఒక్కొక్కళ్ళు జుట్టుకీ చెప్పులకీ కత్తికీ కలిపి కొన్ని వందలు మోసుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళు అడుగుపెడితే ఆ ప్రాంతమంతా బురదలో దిగబడ్డ బండి అయ్యేది. కొన్నవాడి చేతికి తాళంచెవి ఇచ్చి ఉంటే ఒక్క స్క్రిప్టు కూడా అక్కర్లేదు.

తాళం తీసేశాక నాకూ తిప్పలొచ్చాయి, దాచను. ఒకాయన ఒర అందంగా లేదని పీకేశాడు. ఆ ఒరే కత్తికి మూల ముక్క. మొత్తం విడిపోయింది, నాకు కోపంగా ఉత్తరం రాశాడు. మార్చుకోనిచ్చి కాపీ తీసుకోనివ్వకపోతే ఇలాగే ఉంటుంది. రెండూ ఇస్తే పాడైనదాన్ని పారేసి పెట్టెలోంచి ఇంకోటి తీసుకుంటాడు. ఇప్పుడు నా కత్తులన్నీ అలాగే. ఇంకో కొనుగోలుదారు అవతార్ చక్రాల కుర్చీలో ఉంటుంది. నా ఒరని నడుము నుంచి తీసి, కుర్చీ పక్కన ఉన్నట్టు కనిపించేలా జరిపి వంచుకుని, సమయం అంకె మార్చుకుని, కూర్చునే కత్తి దూస్తున్న వీడియో పంపింది. నా ఊహకి కూడా రాని పని. కాళ్ళ జోలికి పోని యానిమేషన్ కాబట్టి అది సాధ్యమైంది. నా గొప్ప అందులో అంతే.

బాబాయి సంగతికొస్తాను.

2020లో లాక్‌డౌన్‌కి అమలాపురం వెళ్ళిపోయాను. ఆఫీసు పనయ్యాక రాత్రిళ్ళు మళ్ళీ కత్తుల పని. మా బాబాయి వయసులో ఉండగా దసరాకి చెడీ తాలింఖానాలో దిగినవాడు. బయటివాళ్ళకి తెలియకపోవచ్చు. అమలాపురం దసరా అంటే అదే. వీధి వీధి నుంచి ఊరేగింపుగా వచ్చి కర్రలు, కత్తులు, బల్లేలు తిప్పుతారు. కళ్ళకి గంతలు కట్టుకుని మనిషి ఒంటిమీద పెట్టిన కొబ్బరికాయని, కూరగాయల్ని నరుకుతారు. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని చూస్తూ నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. నాకు కత్తుల పిచ్చి ఎక్కణ్ణుంచి పట్టిందో వేరే చెప్పక్కర్లేదు.

డెబ్భై దాటాయి ఆయనకి. కుర్చీ లాక్కుని నా వెనక కూర్చున్నాడు. నేను ఎంతో గర్వంగా దూసి చూపించాను.

“బానే తీశాడ్రా అబ్బాయ్. భుజం బానే తిరిగింది,” అన్నాడు. “మరి పెట్టమను.”

పెట్టించాను. ఠక్.

“ఏదీ?”

“ఒరలోకి వెళ్ళిపోయింది బాబాయ్.”

“ఎప్పుడెళ్ళింది? నేను చూడలేదే.” కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, తప్పు కళ్ళజోడుదేమో అన్నట్టు. మళ్ళీ చెయ్యమన్నాడు. నాలుగుసార్లు చేయించాడు. నాలుగోసారికి అన్నాడు, “ఎడం చెయ్యి ఏం చేస్తందిరా వీడిది? పక్షవాతమా?”

అది ఎప్పుడూ నాకు తట్టలేదు. పన్నెండేళ్ళుగా నేను కుడి చెయ్యే కదిలిస్తున్నాను. బాబాయి లేచి, వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చుకుని, చుట్టిన దినపత్రిక నడుముకి దోపుకుని చూపించాడు. ఎడమ చెయ్యి ఒర మూతిని పట్టుకుంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక సందు. కత్తి వెనక వైపుని, అంటే వాదర లేని వైపుని, ఆ సందులో ఆనించి ముందుకి లాగుతాడు. మొన ఆ సందు దాకా వచ్చేసరికి దానంతటది మూతిలోకి జారుతుంది. అప్పుడు కుడి చెయ్యి లోపలికి తోస్తుంది, అదే సమయంలో ఎడమ చెయ్యి ఒరని ఎదురు తెస్తుంది. కళ్ళు ఒక్కసారి కూడా కిందకి దించలేదు. “కిందకి చూసుకుంటూ పెడితే ఎదటోడు ఊరుకుంటాడేంట్రా?” అన్నాడు. అవతలి చివర పిన్ని అప్పడాల కర్ర కోసం వెతుక్కుంటోంది.

నేను 90 సెంటీమీటర్లూ మూడు డిగ్రీలూ అని కొట్టుకుంటున్నదానికి జవాబు ఆ రెండు వేళ్ళ సందులో ఉంది. మొనని గాలిలో గురిచూసి పెట్టక్కర్లేదు. ఎడమ చేతికి ఆనిస్తే చాలు, తప్పు దానంతటదే సర్దుకుంటుంది.

ఇది పాత సెకండ్ లైఫ్‌లో అసాధ్యం. 2016 డిసెంబరు దాకా అవతార్‌కి వేళ్ళలో ఎముకలే లేవు. ఎక్కించేటప్పుడు పిడికిలి, చూపుడువేలు, వదులు చెయ్యి లాంటి డజను పైచిలుకు భంగిమల్లో ఒకటి ఎంచుకోవడమే. ‘బెంటో’ అనే మార్పుతో 26 ఎముకల ఒళ్ళు 133 ఎముకలైంది. వేళ్ళొచ్చాయి, మొహం కదిలింది, రెక్కలూ తోకా కూడా వచ్చాయి. వేళ్ళతో బాబాయి సందు వచ్చేసింది. ఇక మిగిలింది ఒరని ఎదురు తేవడం. ఒరని ‘ఎడమ తుంటి’ అనే చోట తగిలిస్తే అది తొడ ఎముకతో పాటు కదులుతుంది. కూర్చుంటే ఒర కూడా తొడతో లేచి గాలిలో నిలబడుతుంది. కటి దగ్గర తగిలిస్తే అసలు కదలదు. ఎడమ చెయ్యి లాగితే వచ్చే ఒర ఎలా?

తోకకి కట్టాను. నిజంగానే. చాలామందికి తోక ఉండదు గానీ తోక ఎముకలు అందరికీ ఉంటాయి, ఊరికే పడి ఉంటాయి. ఒరని ‘తోక మొదలు’ దగ్గర తగిలించి, అక్కణ్ణుంచి జరిపి ఎడమ నడుము మీదకి తెచ్చి, ఎడమ చెయ్యి కదిలినప్పుడు తోక మొదటి ఎముకని కూడా అంతే తిప్పాను. ఒర చేతితో పాటు ముందుకొచ్చింది. తోకలున్న పిల్లి అవతార్లకి మాత్రం ఇది పనికిరాదు. కత్తి దూస్తే తోక ఊగుతుంది. వాళ్ళకోసం రెక్క ఎముకతో ఇంకో రకం చేశాను. వీటన్నిటికీ ఎంత జరపాలో, ఎంత ఆలస్యం పెట్టాలో నోట్‌కార్డులో రాసి వదిలేశాను. ఎవరి నడుము వాళ్ళది. మొన్న ఆ మరుగుజ్జాయన కోసం వెతికాను. పేరు దొరికింది. 2012 తర్వాత లోపలికి వచ్చిన జాడ లేదు. ఒక కత్తి పంపించి వచ్చాను, ఎప్పుడైనా తెరుచుకుంటే చూసుకుంటాడు.

మార్చిన కత్తిని బాబాయికి చూపించడానికి మూడు వారాలు పట్టింది. దూశాడు నా అవతార్. తిప్పాడు. ఎడమ చెయ్యి ఒర మూతి మీదకి వెళ్ళింది, కత్తి వీపు వేళ్ళ సందులో ఆనింది, మొన జారింది, ఒర ఎదురొచ్చింది. లోపలికి పోయింది.

బాబాయి కాసేపు ఏం మాట్లాడలేదు. ఇంకోసారి అన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్ళీ చూశాడు.

“ఆ ఒర దేనికి కట్టావ్?”

“తోకకి బాబాయ్.”

“ఆయ్. బావుంది,” అన్నాడు, ఆంజనేయస్వామి పటం వైపు ఒకసారి చూసి. తర్వాత తెర దగ్గరకి ఒంగి, వేలు పెట్టి చూపించాడు. “కానీ ఇక్కడ చూడు. మొన ఇంకా రాలేదు, ఎడం చెయ్యి అప్పుడే లాగేత్తంది. తొందరెక్కువ వీడికి.”

రెండు ఫ్రేములు. చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఫైలు తెరిచి సరిచేసి మళ్ళీ ఎక్కించాను. ఇంకో పది లిండెన్లు.